వెంటే ఉండాలా, వదిలేయాలా: చిన్నపిల్లల దగ్గర ఎక్కడ ఏది ఎంచుకోవాలి

రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఈ వాదన తప్పదు. "వాడి మానాన వాణ్ణి వదిలెయ్యండి, పడి లేచి వాడే నేర్చుకుంటాడు" అని ఒకరు. "పడ్డాక ఆసుపత్రికి ఎవరు పరిగెత్తాలి?" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయినా వాదన తెగదు, ఎందుకంటే ప్రశ్నే మరీ పెద్దది. పిల్లలకు ఎంత స్వేచ్ఛ ఇవ్వాలని మొత్తంగా అడిగితే జవాబు దొరకదు. బాత్రూమ్‌లో బకెట్ దగ్గర ఎంత, జామచెట్టు దగ్గర ఎంత, అన్నం కంచం ముందు ఎంత అని చోటు చోటుకీ విడిగా అడిగితే దొరుకుతుంది. ఒకే పిల్లవాణ్ణి ఒకే రోజున ఒకచోట క్షణం వదలకూడదు, ఇంకోచోట పిలిచేదాకా దగ్గరికే వెళ్లకూడదు.

1960లలో డయానా బామ్‌రిండ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ తల్లిదండ్రుల తీరును మూడు రకాలుగా విడదీసి చూసింది. చెప్పింది చెయ్యి, ఎందుకని అడక్కు అనేవాళ్లు ఒక రకం. ఏం చేసినా అడ్డు చెప్పనివాళ్లు రెండో రకం. హద్దు గట్టిగా పెట్టి, అది ఎందుకో చెప్పి, ఆ లోపల పిల్లల ఇష్టానికి వదిలేవాళ్లు మూడో రకం. ఈ మూడో రకం ఇళ్ల పిల్లలు తమ పనులు తాము చేసుకోవడంలో, నలుగురితో మెలగడంలో ముందుంటారని ఆమె గమనించింది. దీన్ని చాలామంది మధ్యేమార్గం అనుకుంటారు, అంటే కాస్త కట్టడి, కాస్త వదలడం. నాకు అలా అనిపించదు. ఆ తల్లిదండ్రులు హద్దు దగ్గర పూర్తిగా కఠినంగా ఉంటారు, హద్దు లోపల పూర్తిగా వదిలేస్తారు. మనం తేల్చుకోవాల్సింది ఆ గీత ఎక్కడ గీయాలన్నదే.

రెండు ప్రశ్నలు, మూడు దూరాలు

ఏ సందర్భంలోనైనా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: ఇక్కడ పొరపాటు జరిగితే తిరిగి బాగుచేసుకోగలమా? మోకాలు దోక్కుపోతే వారంలో మానుతుంది. పాలు ఒలికితే తుడుచుకుంటాం. చొక్కా తిరగేసి తొడుక్కుంటే ఎవరికీ నష్టం లేదు. నీళ్లు, రోడ్డు, మేడ అంచు, కరెంటు, మరిగే నూనె దగ్గర మాత్రం పొరపాటుకు రెండో అవకాశం ఉండకపోవచ్చు.

రెండో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు, నా లెక్కలో అదే అసలైనది. ఆ ప్రమాదం పిల్లల కంటికి కనబడుతుందా? కొమ్మ ఎంత ఎత్తులో ఉందో నాలుగేళ్లవాడికి కనబడుతుంది. కిందికి చూస్తాడు, భయం వేస్తే ఆగుతాడు, దిగుతాడు. కానీ సంపు మీద వేసిన మూత తుప్పుపట్టి ఉందని వాడికి తెలియదు. కూల్‌డ్రింక్ సీసాలో పోసిపెట్టింది ఫినాయిల్ అని తెలియదు. వెనక్కి వస్తున్న కారు డ్రైవర్‌కు తను కనబడడని తెలియదు. కనబడే ప్రమాదాన్ని పిల్లలు తమ బలంతో తూచుకోగలరు, అలా తూచుకోవడమే వాళ్లకు చదువు. కనబడనిదాన్ని మనం తీసేయాలి, తీయలేకపోతే అక్కడ మనమే నిలబడాలి. పిల్లవాడికి కనబడేదాని మీద మనం అరుస్తూ, కనబడనిదాన్ని అలాగే వదిలేయడం చాలా ఇళ్లలో చూస్తుంటాను. సోఫా ఎక్కితే "దిగు, దిగు" అంటారు. బాత్రూమ్‌లో నిండు బకెట్ రోజంతా మూత లేకుండా ఉంటుంది.

ఈ రెండు జవాబులను బట్టి మూడు దూరాల్లో ఒకటి ఎంచుకోవచ్చు. చేయందేంత దూరం: చాచితే పిల్లవాడి భుజం దొరకాలి. చూపు ఆనేంత దూరం: మనం కూర్చున్నచోటి నుంచి వాడు కనబడుతుండాలి, కలగజేసుకోనక్కర్లేదు. పిలుపు వినపడేంత దూరం: కనబడకపోయినా ఫర్వాలేదు, పిలిస్తే పలకాలి. పిల్లలు పెరగడమంటే ఒక్కో పనిలో ఒక్కో దూరం నుంచి తర్వాతి దూరానికి జరగడమే. అన్ని పనుల్లోనూ ఒకేసారి జరగరు.

నీళ్లు: ఇక్కడ బేరం లేదు

ఐదేళ్ల లోపు పిల్లలు నీళ్ల దగ్గర ఉంటే చేయందేంత దూరమే. ఈతకొలనుకీ, చెరువుకీ, కాలవకీ మాత్రమే అనుకోవద్దు. నడక వచ్చిన కొత్తలో పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బకెట్‌లోకి వంగి తలకిందులైతే చేతులతో తమను తాము పైకి లేపుకోలేరు. జానెడు లోతు లేని నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి. పైగా నీట మునిగే పసివాళ్లు సినిమాల్లో చూపించినట్టు కేకలు వేయరు, చేతులు ఆడించరు. చప్పుడే ఉండదు. "పక్క గదిలోనే ఉన్నాను, ఏ శబ్దమూ వినపడలేదు" అనే మాటకు కారణం ఇదే. కాబట్టి నీళ్ల విషయంలో పిలుపు దూరం, చెవి మీద ఆధారపడే కాపలా ఏదీ పనికిరాదు.

ఇంట్లో చేయాల్సిన పని చిన్నది. వాడాక బకెట్, టబ్బు బోర్లించాలి. నీళ్లు రాని రోజుల కోసం డ్రమ్ములు నింపుకోవడం మన ఊళ్లలో మామూలే కాబట్టి వాటికి బిగుతైన మూతలు పెట్టుకోవాలి. సంపు మూతకు తాళం వేయాలి. బాత్రూమ్ తలుపుకు బయట పైన గడియ ఉండాలి. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో ఇంటి ముందే పంట కాలవ పారుతుంటుంది. అక్కడ గుమ్మానికి అడ్డంగా ఓ చిన్న చెక్క తలుపు పెట్టుకుంటే అది మనిషి కాపలా కన్నా నమ్మకమైనది. మనిషికి నిద్ర వస్తుంది, ఫోన్ వస్తుంది, పొయ్యి మీద పాలు పొంగుతాయి. పొలంలో వాడకుండా వదిలేసిన బోరుగుంతలను పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ పొలంలో అలాంటిది ఉంటే ఈ వ్యాసం చదవడం పక్కనపెట్టి ముందు దాని సంగతి చూడండి.

గాలి నింపిన రింగులు, చేతులకు తొడిగే బుడగలు కాపలాకు బదులు కావు. ఈత నేర్పించడం చాలా మంచిది, కానీ ఈత వచ్చిన ఆరేళ్ల పిల్లనైనా కంటిచూపు దాటనివ్వకూడదు. మూర్ఛ వచ్చే పిల్లలైతే ఎంత పెద్దయినా స్నానం దగ్గర సహా ఎవరో ఒకరు తోడుండాలి.

రోడ్డు: చెయ్యి వదలకుండానే నేర్పొచ్చు

వస్తున్న బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది అనే రెండూ కలిపి అంచనా కట్టడం చిన్నపిల్లలకు చేతకాదు. తొమ్మిది పదేళ్ల దాకా అది నిలకడగా రాదు. తెలివితక్కువై కాదు, చూపు, వినికిడి, ధ్యాస ఇంకా ఆ పనికి సిద్ధం కావు. దానికి తోడు ఆగి ఉన్న కారు వెనక నుంచి వాళ్లకు రోడ్డు కనబడదు, డ్రైవర్‌కు వాళ్లు కనబడరు. కాబట్టి "రెండు పక్కలా చూసి దాటు" అని చెప్పి ఆరేళ్లవాణ్ణి ఒంటరిగా పంపడం నేర్పడం కిందికి రాదు.

అలాగని చెయ్యి పట్టుకుని లాక్కుపోతే వాడు ఏమీ నేర్చుకోడు. చెయ్యి పట్టుకునే ఉండి నిర్ణయం వాడికి వదలండి. అంచున ఆగి, "ఇప్పుడు దాటొచ్చా? నువ్వు చెప్పు, నేను నీ వెంట వస్తా" అనండి. వాడు "ఆ" అంటాడు. మీరు "అదిగో ఆటో, అది మన దగ్గరికి వచ్చేలోపు అవతలికి చేరతామా?" అని అడగండి. వాడు ఆటోను చూస్తాడు, రోడ్డు వెడల్పును చూస్తాడు, కాసేపు ఆగి "అది పోనీ నాన్నా" అంటాడు. నిర్ణయం వాడిది, చెయ్యి మీది. నాలుగేళ్ల నుంచి రోజూ బడి దగ్గర ఇలా చేస్తూ వస్తే, పదేళ్లకు వాడు ఒంటరిగా దాటే రోజున అది వాడికి కొత్త పని కాదు.

బండి మీద వెళ్లేటప్పుడు ఎంపికే లేదు. నాలుగేళ్ల లోపు పిల్లలను రెండు చక్రాల బండి మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టే బెల్టు, తొమ్మిది నెలలు దాటినవాళ్లకు హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. ముందు ట్యాంకు మీద నిలబెట్టి తీసుకెళ్లడం పిల్లలకు సరదా, నిజమే. సడెన్ బ్రేకు వేసినప్పుడు ముందుగా ఎగిరిపడేదీ వాళ్లే.

చెట్టు, జారుడుబండ, గోడ: ఇక్కడ మాత్రం వెనక్కి జరగండి

నార్వేలో పిల్లల ఆటల మీద పనిచేసిన ఎలెన్ శాండ్‌సెటర్ అనే పరిశోధకురాలు పిల్లలు కోరి వెతుక్కునే సాహసపు ఆటలను 2007లో ఆరు రకాలుగా చెప్పింది: ఎత్తులు ఎక్కడం, వేగం, పదునైన పనిముట్లు, నీళ్లూ నిప్పూ వంటివాటి దగ్గర ఆడటం, కుస్తీలు పట్టుకోవడం, పెద్దల కంటపడకుండా తిరగడం. మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇందులో ఒక్కటీ కొత్త కాదు. ఇవన్నీ భయాన్ని కొద్దికొద్దిగా రుచి చూసి, దాన్ని లొంగదీసుకోవడం నేర్చుకునే ఆటలు. ఈ ఆరింటిలో నీళ్లూ నిప్పూ మన మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి, వాటికి చేయందేంత దూరం తప్పదు. ఎత్తు, వేగం, కుస్తీలకు మాత్రం పిల్లలకు అవకాశం ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే వాళ్లు ఆ కోరికను మనం చూడని చోట, మరింత ఎత్తు నుంచి తీర్చుకుంటారు.

పెరట్లో జామచెట్టు ఉందనుకోండి. ఐదేళ్ల పాప మొదటి పంగ దాకా ఎక్కింది. రెండో కొమ్మకు చెయ్యి వేసి ఆగింది. కాలు ఎక్కడ పెట్టాలో తెలియక వేళ్లతో బెరడును తడుముతోంది. ఈ నిమిషంలో మనం మామూలుగా రెండు పనుల్లో ఒకటి చేస్తాం. "జాగ్రత్త, పడతావ్, పడతావ్" అని కేకేస్తాం, దాంతో పాప కొమ్మను వదిలి మన మొహం చూస్తుంది. లేదా నడుం పట్టుకుని పై కొమ్మ మీద కూర్చోబెడతాం, ఇక దిగడం తనకు చేతకాదు. రెండూ వద్దు. దగ్గరికి నడిచి వెళ్లి మామూలు గొంతుతో "ఎడమ కాలికి పక్కనే ఒక బుడిపె ఉంది, తగులుతోందా?" అని అడగండి. తగిలితే ఎక్కుతుంది, లేకపోతే దిగుతుంది. తనంతట తాను ఎక్కగలిగినంత ఎత్తు నుంచి సాధారణంగా పిల్లలు తమంతట తాము దిగగలరు. ఎత్తి పెట్టొద్దు, లాగి దించొద్దు. ఈ ఒక్క నియమం పార్కులో జారుడుబండకీ, నిచ్చెనకీ, బడి గోడకీ పనికొస్తుంది.

చెట్టు కింద రాళ్లు, పగిలిన గాజు, పక్కన కరెంటు తీగ ఉన్నాయేమో చూసుకోవడం మాత్రం మన పని. అవి పాపకు కనబడని ప్రమాదాలు.

బాల్కనీ, మేడ లెక్క దీనికి పూర్తిగా వేరు. అక్కడ పొరపాటుకు రెండో అవకాశం లేదు. కమ్మీల మధ్య పిల్లల తల పట్టే సందు ఉండకూడదు. పది సెంటీమీటర్లు దాటితే వల కట్టించండి. గోడ దగ్గర కుర్చీ, పూలకుండీ, పాత కూలర్ ఏదీ ఉంచవద్దు. ఎక్కడానికి మెట్టు దొరికితే పిట్టగోడ ఎంత ఎత్తున్నా లాభం లేదు. సంక్రాంతికి గాలిపటాల సమయంలో మేడ మీద ఒక పెద్దమనిషి గాలిపటం పట్టుకోకుండా, కేవలం పిల్లలను చూడ్డానికే ఉండాలి. గాలిపటం ఎగరేస్తున్న మనిషి పైకే చూస్తుంటాడు.

వంటింట్లోకి రానివ్వాలా?

రానివ్వొద్దనే ఇళ్లు ఎక్కువ. కారణం లేకపోలేదు. కుక్కర్, నూనె మూకుడు, గిన్నెలో మరిగే చారు అన్నీ అక్కడే. కింద కూర్చుని భోంచేసే ఇళ్లలో సాంబారు గిన్నె నేల మీదే పెడతాం, పాకే పిల్లకు అది సరిగ్గా చేతికందే ఎత్తు. ఆ గిన్నెను అందరూ కూర్చున్నాకే తేవడం, పిల్లకు ఎదురు మూల పెట్టడం అలవాటు చేసుకుంటే చాలా కాలిన గాయాలు తప్పుతాయి. ఒకవేళ కాలితే పారే నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, వెన్న రాయకూడదు.

అయినా నా ఓటు రానివ్వడానికే, కానీ ఒక గీతతో. పొయ్యి నుంచి రెండడుగుల దూరంలో నేల మీద రంగు టేపు అంటించండి. గీత ఇవతల వాళ్ల రాజ్యం, అవతల మనది. మూడేళ్లవాళ్లు ఆ గీతను గుర్తుపెట్టుకుంటారు. వాళ్లకు "పొయ్యి దగ్గరికి రాకు" అనే మాట కన్నా కంటికి కనబడే గీత సులువు. అయితే గీత ఉంది కదా అని మూడేళ్లవాణ్ణి ఒంటరిగా వదలకూడదు, గీత నేర్పడానికే గానీ కాపలాకు కాదు.

గీత ఇవతల పనికి కొదవ లేదు. రెండున్నరేళ్లవాళ్లు గోంగూర ఆకులు తుంచుతారు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తారు. నాలుగేళ్లకు చపాతీ పిండి ముద్ద చేస్తారు, చెంబుతో గ్లాసులోకి నీళ్లు పోస్తారు. మొదట్లో సగం బయటే పోతాయి. అడుగున గుడ్డ వేసి ఊరుకోండి. ఆరేళ్లకు మొండి చాకుతో అరటిపండు, ఉడికిన బంగాళదుంప కోయొచ్చు, అది చేయందేంత దూరంలో. ఎనిమిదేళ్లకు దోసకాయ దాకా రావచ్చు.

నాలుగైదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, వేయించిన శనగలు, చింతగింజలు పలుకులుగా చేతికి ఇవ్వకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆడుతూ, పరిగెడుతూ తింటే మరీ ప్రమాదం. రిమోట్లలో, ఆటబొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తాయి కాబట్టి అనుమానం వచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

తిండి, బట్టలు, స్నానం: వదలాల్సినచోట వదలడం లేదు

మన ఇళ్లలో కాపలా అసలు అక్కర్లేనిచోట ఎక్కువగా ఉండేది ఇక్కడే. ఐదేళ్లు వచ్చినా ముద్దలు కలిపి నోట్లో పెడతాం. బూట్లు తొడుగుతాం. బ్యాగు మోస్తాం. ప్రేమే, ఎవరూ కాదనరు. కానీ ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది ఏముంది? చొక్కా మీద పప్పు పడుతుంది. ఎడమ చెప్పు కుడికాలికి వస్తుంది. మొదటి ప్రశ్నకు ఇంత సులువైన జవాబు ఇంకెక్కడా దొరకదు.

ఇబ్బంది ఎక్కువగా పెద్దవాళ్ల మనసు దగ్గర వస్తుంది. "పసివాడు వాడేం తింటాడమ్మాయ్, సగం కిందే పోస్తాడు. నేను పెడతాలే" అంటుంది నానమ్మ. ఆవిడకు అది పని కాదు, మనవడితో గడిపే సమయం. దాన్ని లాక్కుంటే బాధపడుతుంది, బాధపడటం న్యాయమే. "అత్తయ్యా, మొదటి నాలుగు ముద్దలు వాణ్ణి తిననివ్వండి, తర్వాత మీరు కలిపి పెట్టండి. మీ చేత్తో గోరుముద్ద లేకపోతే వాడికి నిద్ర పట్టదు" అని చెప్పి చూడండి. నాలుగు ముద్దలు ఎనిమిదవుతాయి. కొన్నాళ్లకు నానమ్మ చేతిలో కథ మాత్రమే మిగులుతుంది, దాన్ని ఆవిడ దగ్గరే ఉండనివ్వాలి.

ఇంకో ఇబ్బంది టైము. పొద్దున ఎనిమిదింటికి బడి ఆటో గుమ్మం ముందు హారన్ కొడుతుంటే ఏ తల్లీ బొత్తాలు పెట్టుకునే పిల్లను చూస్తూ కూర్చోలేదు. కూర్చోమని నేను చెప్పను. నేర్పే వేళ, పరుగెత్తే వేళ విడగొట్టుకోండి. సాయంత్రం బట్టలు మార్చుకునేటప్పుడు, ఆదివారం స్నానం అయ్యాక బొత్తాలు వాళ్ల పని. పొద్దున మన పని. పిల్లలు ఈ తేడాను ఇట్టే అర్థం చేసుకుంటారు.

తాతయ్య, ఆయా, క్రెష్, అంగన్‌వాడీ

అమ్మమ్మ, తాతయ్యల దగ్గర ఉంచడానికి మించింది లేదు, ఒక్క షరతుతో. వాళ్ల మోకాళ్లకు రెండేళ్లవాడి వెనక పరిగెత్తే శక్తి ఉండదు. అందుకని వాళ్ల దగ్గర పిల్లలను వదిలే ఇంట్లో సంపు, మెట్లు, మేడ తలుపు ముందే కట్టుదిట్టం చేయాలి. వాళ్ల మాత్రలు పిల్లలకు అందకుండా ఉండాలి. బీపీ, షుగర్ బిళ్లలు తలగడ దగ్గరే పెట్టుకోవడం చాలామందికి అలవాటు.

క్రెష్, ప్లేస్కూలు చూడటానికి వెళ్తే గోడల మీద బొమ్మలకు, ఏసీకి మార్కులు వేయకండి. ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలు? గేటు దగ్గర ఎవరు, ఎవరికి పిల్లను అప్పగిస్తారు? ఏడ్చే పిల్లను ఏం చేస్తున్నారు? పిల్లలు తమ సీసా తాము తెరుచుకుంటున్నారా, అన్నీ ఆయమ్మలే చేస్తున్నారా? చెప్పకుండా వెళ్లి చూసే వీలు లేదనే చోట చేర్పించకండి. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు తిండి, ఆటపాటలు రెండూ ఉంటాయి. మీ వీధి కేంద్రంలో టీచరు, ఆయా సరిగ్గా నడుపుతుంటే డబ్బు పోసి దూరం పంపడం కన్నా అదే మేలు. పిల్లలు తమ వీధివాళ్ల మధ్యే పెరుగుతారు.

పొలం పనులకు, కూలికి వెళ్లే ఇళ్లలో ఎనిమిదేళ్ల అక్కకు రెండేళ్ల తమ్ముణ్ణి అప్పగిస్తారు. వేరే దారి లేనివాళ్లను నేను తప్పుపట్టను. ఆడించడం, ఎత్తుకోవడం అక్క చేయగలదు. కాలవ దగ్గర, రోడ్డు మీద వాడి ప్రాణానికి ఆ పిల్లను బాధ్యురాల్ని చేయకండి. ఆ బరువు మోసే వయసు కాదు తనది.

ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టడం స్వేచ్ఛా కాదు, కాపలా కూడా కాదు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించి తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, రెండేళ్ల లోపు అయితే అసలే వద్దు.

కింద ఆడుకోవడానికి పంపడం

అపార్ట్‌మెంట్‌లో ఐదేళ్ల లోపు పిల్లలను చూపు దూరంలోనే ఆడించాలి. సెల్లార్‌లో కార్లు వెనక్కి వస్తుంటాయి, లిఫ్ట్ గేట్లు, మోటార్ గది ఉంటాయి. వాచ్‌మన్ ఉన్నాడు కదా అనుకోవద్దు, ఆయన పని గేటు. ఆరేడేళ్లకు పిలుపు దూరం మొదలుపెట్టొచ్చు, అదీ ముగ్గురు నలుగురు పిల్లలు కలిసి ఉంటే, ఆట స్థలం వాహనాలకు విడిగా ఉంటే. మొదటి కొన్నాళ్లు మీరు బాల్కనీలో ఉండండి. వాళ్లు తలెత్తి మీకోసం వెతకడం మానేసినప్పుడు ఇంట్లోకి వెళ్లండి.

ఇక్కడ చాలామంది ఇచ్చే సలహా "తెలియనివాళ్లతో మాట్లాడకు". నేను దాని బదులు "ఎవరు పిలిచినా, నాకు చెప్పకుండా ఎక్కడికీ వెళ్లకు" అనే నియమాన్ని ఎంచుకుంటాను. పిల్లలకు కీడు చేసేవాళ్లలో ఎక్కువమంది తెలిసినవాళ్లే: పక్కింటివాళ్లు, బంధువులు, రోజూ కనబడేవాళ్లు. పైగా పిల్లవాడు తప్పిపోయినప్పుడు సాయం అడగాల్సింది తెలియనివాళ్లనే. చెప్పి వెళ్లాలనే నియమం మామయ్యకీ, కొత్తవాడికీ ఒకేలా వర్తిస్తుంది. "ఇది మీ అమ్మకు చెప్పొద్దు" అని ఎవరన్నా వెంటనే నాకు చెప్పు, నిన్ను తిట్టను అని పదే పదే వినిపించాలి. బంధువులు వచ్చినప్పుడు ముద్దు పెట్టించుకోవడం ఇష్టం లేదంటే బలవంతం చేయకూడదు. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని పిల్లకు అప్పుడే తెలుస్తుంది. పిల్లలకు 1098 అనే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు నేర్పండి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది, అందులో మగపిల్లలకూ రక్షణ ఉంది.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఏడేళ్ల అబ్బాయిని కింద ఆడుకోనిచ్చి, అదే వయసు అమ్మాయిని బాల్కనీ నుంచి చూడమనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. "ఆడపిల్ల, భయం" అంటారు. భయం నిజమైతే దూరం తగ్గించాలి గానీ ఆటను ఆపకూడదు. చూపు దూరంలో ఇద్దరినీ దింపండి. పరిగెత్తని పిల్ల, చెట్టెక్కని పిల్ల, గట్టిగా అరవని పిల్ల మరింత క్షేమంగా ఉండదు.

అమెరికాలో ఉండే మనవాళ్లు తమ రాష్ట్రం చట్టం తప్పక చూసుకోవాలి. మేరీల్యాండ్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలను ఇంట్లో, కారులో వదిలి వెళ్లాలంటే కనీసం 13 ఏళ్లవాళ్లు తోడుండాలి. యూటాలో 2018లో వచ్చిన చట్టం దానికి ఎదురు దిశలో ఉంది: తగినంత వయసు, తెలివి ఉన్న పిల్లలు ఒంటరిగా బడికి నడిచినా, పార్కులో ఆడుకున్నా దాన్ని నిర్లక్ష్యంగా చూడరు. మన ఊళ్లో ఐదు నిమిషాలే కదా అని పిల్లను కారులో కూర్చోబెట్టి షాపులోకి వెళ్లే అలవాటు అక్కడా, ఇక్కడా మానాలి. మూసిన కారు మే నెల ఎండలో నిమిషాల్లో పొయ్యవుతుంది.

దూరం ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి

పుట్టినరోజును బట్టి కాదు. ఆ పని మీరు పక్కన ఉండగా మీరు నోరు తెరవకుండా పదే పదే సరిగ్గా చేస్తున్నప్పుడు పెంచండి. వీధి చివర కొట్టుకు పంపాలంటే ముందు మీరు తీసుకెళ్తారు, తర్వాత పిల్ల ముందు నడిస్తే మీరు వెనక, ఆ తర్వాత కొట్టులో డబ్బులిచ్చి పెరుగు ప్యాకెట్ అడిగేది తను, మీరు బయట. చివరికి మీరు గేటు దగ్గర. దారిలో రోడ్డు దాటాల్సి వస్తే ఎనిమిదేళ్లకు కూడా ఆఖరి మెట్టు వద్దు.

జ్వరం వచ్చి లేచినప్పుడు, కొత్త ఇంటికి మారినప్పుడు, చెల్లెలు పుట్టినప్పుడు పిల్లలు ఒక మెట్టు వెనక్కి వస్తారు. మళ్లీ తినిపించమంటారు, కొంగు వదలరు. అప్పుడు దగ్గరికి జరగండి, "ఇంత పెద్దయ్యావు" అని దెప్పకండి. కొన్నాళ్లకు వాళ్లే దూరం జరుగుతారు.

పెద్దలు ఎక్కువమంది ఉండే చోట కూడా పిల్లలు తప్పిపోతుంటారు. పెళ్లి మండపాల్లో, గృహప్రవేశాల్లో యాభై మంది చుట్టాలుంటారు, ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు. మండపం వెనక వంటల పొయ్యి, నీళ్ల తొట్టి, కార్లు తిప్పే ఖాళీ స్థలం ఉంటాయి. అక్కడ పిల్లలను "అందరూ" చూడకూడదు, ఒక్కరే చూడాలి, వంతులవారీగా. వంతు మారేటప్పుడు పేరు పెట్టి అప్పగించాలి: "వదినా, అరగంట చిన్నాడు నీ దగ్గర, నేను భోజనానికి వెళ్తున్నా." ఆవిడ వాడి వైపు చూసి "సరే" అన్నాకే అక్కణ్ణుంచి కదలాలి.